తూము తీసుంది, మోటారు ఆపేసుంది: చెరువు గట్టు మీద స్పానిష్ స్థితి కార్డులు (ప్రాజెక్టు డైరీ)

మొగల్తూరు వైపు వనామీ రొయ్యల చెరువుల దగ్గర పనిచేసే కుర్రాళ్ల కోసం మొదలుపెట్టిన పని ఇది. తలుపు తీసుంది, వల చిరిగుంది, మోటారు ఆపేసుంది లాంటి మాటల్ని స్పానిష్‌లో తడుముకోకుండా చెప్పగలగాలి. అంతవరకే. స్పానిష్ మొత్తం నేర్పే సెట్టు కాదు.

స్పానిషే ఎందుకంటే, వనామీ సాగుకి మన దేశంలో 2009లో అనుమతి వచ్చింది గానీ దాని సొంతూరు మెక్సికో నుంచి ఉత్తర పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. రొయ్య ఎగుమతిలో ఇవాళ ముందున్నది ఎక్వడార్. అక్కడి చెరువుల వీడియోలన్నీ స్పానిష్‌లోనే ఉంటాయి, వాటిలో సగం మాటలు ఏది తెరిచుంది, ఏది పాడైంది, ఏది తడిసింది అనేవే. మన చెరువుని వాళ్లు పిసీనా అంటారు, స్పెయిన్ వాళ్లకి అదే మాట ఈతకొలను. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేని కొమెదేరో అంటారు.

స్పానిష్ మాటల్ని ఇక్కడ కార్డుల మీద చివరికి ఖాయమైన తెలుగు రాతలోనే రాస్తున్నాను. టకి బదులు త, డకి బదులు ద ఎందుకో, బండి ఱ ఎక్కడిదో దశ 3లో ఉంది.

దశ 1: లామినేషన్ కార్డులు

మొదట పేరు కార్డులు 12 (మాట ముందుండే ఎల్ పుంలింగానికి, లా స్త్రీలింగానికి గుర్తు): లా కొంపువెర్తా (తూము), లా ఱెద్ (వల), ఎల్ ఐరెయదోర్ (నీళ్లలో గాలి కలిపే ఏరేటర్), లా బోంబా (పంపు), ఎల్ సాకో (మేత బస్తా), ఎల్ కొమెదేరో, లా పువెర్తా (తలుపు), ఎల్ కందాదో (తాళం), లా లూస్ (లైటు), ఎల్ ఆగ్వా (నీళ్లు), లా సోగా (తాడు), ఎల్ తాంకే (ట్యాంకు).

స్థితి కార్డులు 10: సెఱాదో (మూసి), అపగాదో (ఆపేసి), ప్రెందీదో (వేసి), మొహాదో (తడిసి), కొల్గాదో (వేలాడుతూ), పరాదో (ఆగి, నిలబడి), సెంతాదో (కూర్చుని), దన్యాదో (పాడై), అమఱాదో (కట్టేసి), దొర్మీదో (నిద్రలో).

అన్నీ ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి, లేసు అల్లే దారంతో వస్తువులకి కట్టాం. నరసాపురం చుట్టుపక్కల లేసు దారం ఏ ఇంట్లో అడిగినా దొరుకుతుంది కాబట్టి అదే వాడాం. ఏదీ నిలబడలేదు:

1. ఏరేటర్ తుంపర లామినేషన్ అంచుల్లోంచి లోపలికి దిగి ఇంకు పారిపోయింది. చిల్లు పెట్టిన చోట ముందు మొదలైంది.
2. దారం నూలుది. తడికి బూజు పట్టి తెగింది.
3. చిల్లులకి వేసిన ఇనప రింగులు ఉప్పుగాలికి చిలుమెక్కాయి.
4. అక్షరం ఎత్తు 1.5 సెంటీమీటర్లు. ఆరు మీటర్ల దూరం నుంచి గట్టు మీద నిలబడితే చదవడం కుదరలేదు.

లెక్క: పేరు కార్డులు 12, స్థితి కార్డులు 10, ఖర్చు 640 రూపాయలు. ఇందులో మిగిలింది మాటల జాబితా ఒక్కటే.

దశ 2: ఫ్లెక్సు ముక్కలు, జరిగే పట్టీ

పాత ఫ్లెక్సు బ్యానర్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది, తడికి ఏమీ కాదు, కత్తెరతో కోస్తే పోగులు లేవవు. కార్డు 30 సెంటీమీటర్ల పొడవు, 12 వెడల్పు, అక్షరం ఎత్తు 4. ఆయిల్ పెయింట్ మార్కర్ తీసుకోండి, మామూలు పర్మనెంట్ మార్కర్ ఎండకి వెలిసిపోతుంది. చిల్లులకి రింగులు వద్దు, మేకు కాల్చి గుచ్చితే అంచు కరిగి గట్టిపడుతుంది. పొగ మంచిది కాదు, ఆరుబయట గాలివాటు చూసుకుని చేయండి. కట్టడానికి వల అల్లే నైలాన్ దారం.

సామాను సంగతి దీంతో తేలిపోయింది. ఇబ్బంది పెట్టింది వ్యాకరణం.

స్పానిష్‌లో ఈ స్థితి మాట క్రియలోంచి పుడుతుంది. ఆర్‌తో ముగిసే క్రియకి ఆదో, ఎర్, ఈర్‌తో ముగిసేవాటికి ఈదో. సెఱార్ అంటే మూయడం, సెఱాదో అంటే మూసి ఉన్నది. ముందు ఎస్తా పెడితే 'ఉంది'. మన 'మూసి ఉంది'లో 'మూసి' ఎప్పటికీ మారదు. తలుపైనా తాళమైనా తలుపులైనా అదే మూసి. స్పానిష్‌లో మాత్రం వస్తువు పుంలింగమా స్త్రీలింగమా, ఒకటా ఎక్కువా అన్నదాన్ని బట్టి చివర ఓ, ఆ, ఓస్, ఆస్‌గా మారుతుంది: ఎల్ కందాదో ఎస్తా సెఱాదో, లా పువెర్తా ఎస్తా సెఱాదా, లాస్ పువెర్తాస్ ఎస్తాన్ సెఱాదాస్.

అందుకని కార్డుని మూడు ముక్కలుగా చేశాం: క్రియ మొదలు, మధ్యలో ఆద్ లేక ఈద్, చివర నాలుగు ఎండింగులు రాసిన 26 సెంటీమీటర్ల పట్టీ. కార్డుకి గాటు పెట్టి పట్టీని అందులో దూర్చితే పైకీ కిందకీ జరుగుతుంది. చూడ్డానికి బాగుంది, పని చేయలేదు. పట్టీని జరుపుతూ పోతే ఎక్కడో ఒకచోట సరైనది వస్తుంది, ఎదుటివాడి మొహం చూసి అక్కడ ఆపేస్తున్నారు. తలుపు ఆడదో మగదో ఆలోచించే అవసరమే పడలేదు.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. మధ్య ముక్క విడిగా ఉండేసరికి ఏ క్రియనైనా దానికి తగిలించేస్తున్నారు. తెరవడం అబ్రీర్ కాబట్టి అబ్రీదో, విరగ్గొట్టడం ఱొంపేర్ కాబట్టి ఱొంపీదో. ఆ రెండు మాటలూ లేవు. అబియెర్తో, ఱోతో అనాలి. స్పానిష్ ఇళ్లలో చిన్నపిల్లలు కూడా ఱొంపీదో, పొనీదో అంటూనే పెరుగుతారు, కాబట్టి కుర్రాళ్ల బుర్ర సరిగ్గానే పనిచేస్తోంది. తప్పుదారి పట్టించింది కార్డు.

లెక్క: పేరు 12, స్థితి 10 (మూడు ముక్కలవి, అన్నీ పక్కన పెట్టేసినవే), ఖర్చు 640 + 300 = 940.

దశ 3: మూల కోత, చిల్లు లెక్క

ఇక్కడ మూడు మార్పులు చేశాం. ఈ సెట్టుని మీరూ చేసుకుందామనుకుంటే నేరుగా ఈ దశ నుంచే మొదలుపెట్టండి.

మొదటిది, మధ్య ముక్క తీసేశాం. సెఱాద్, అబియెర్త్, ఱోత్ అని చివరి అచ్చు తప్ప మిగతాదంతా ఒకే ముక్క మీద రాశాం. దారి తప్పే మాటలు 8 చేర్చాం: అబియెర్తో (తెరిచి), ఱోతో (విరిగి, చిరిగి), కుబియెర్తో (కప్పి), పువెస్తో (పెట్టి), ఎచో (చేసి), ఎస్క్రీతో (రాసి), మువెర్తో (చచ్చి), ఱెబ్వెల్తో (కలిపి, కెలికి). వీటికీ ఓ, ఆ, ఓస్, ఆస్ మామూలుగానే తగులుతాయి, తేడా అంతా ముందు భాగంలోనే. కాఈదో (పడిపోయి) కూడా ఇప్పుడే చేర్చాం. స్పానిష్ లిపిలో రాసేటప్పుడు అందులో ఐ (i) అక్షరం మీద గీత తప్పనిసరి, లేకపోతే ఆ, ఐ కలిసిపోయి ఒకే పలుకైపోతుంది. క్రియ మొదలు ఆ, ఎ, ఓలతో ముగిసి ఈదో తగిలితే ఈ గీత వస్తుంది. ఉతో ముగిస్తే రాదు, అందుకే కొన్‌స్త్రుయీదో (కట్టి ఉన్నది) గీత లేకుండా రాస్తారు.

రెండోది, పట్టీ తీసేసి ఎండింగుల్ని విడి ముక్కలు చేశాం. ఒక్కోటి 8 చొప్పున మొత్తం 32. స్త్రీలింగం ముక్కకి కింది మూల త్రికోణంగా కోసేశాం, పుంలింగానిది నిండు మూల. ఏకవచనానికి ఒక చిల్లు, బహువచనానికి రెండు. పేరు కార్డులకీ ఇదే కోత, ఇవే చిల్లులు. వేలితో తడిమితే లింగం, వచనం తెలిసిపోతాయి, రాత్రి కాపలాలో టార్చి కూడా అక్కర్లేదు. మొదట రంగులు అనుకున్నాం గానీ ఎరుపు మార్కరు ఎండకి ముందు చచ్చిపోతుంది, చీకట్లో ఏ రంగైనా ఒకటే.

ఈ కోత విలువంతా నీళ్ల దగ్గర తెలిసింది. ఎల్ ఆగ్వా అన్నప్పుడు ముందు ఎల్ ఉంది కదా అని మగ మాట అనుకుంటారు. ఆగ్వా స్త్రీలింగమే. మాట మొదట్లో ఒత్తి పలికే 'ఆ' ఉండడంతో లా బదులు ఎల్ వచ్చిందంతే, బహువచనంలో మళ్లీ లాస్ ఆగ్వాస్. కాబట్టి నీళ్లు కెలికి ఉంటే ఎల్ ఆగ్వా ఎస్తా ఱెబ్వెల్తా. కంటికి ఎల్ కనపడుతుంది, వేలికి కోసిన మూల తగులుతుంది. ఇలాంటిదే లా మానో (చెయ్యి), చివర ఓ ఉన్నా స్త్రీలింగం: లా మానో ఎస్తా మొహాదా. అందుకే కొత్త పేరు కార్డులు 4లో మానో ఒకటి. మిగతావి లోస్ సాకోస్ (బస్తాలు), ఎల్ బిహిలాంతే (కాపలా మనిషి), లా కనోవా (పడవ). బస్తా, వల కలిపి తడిస్తే పుంలింగ బహువచనం, మొహాదోస్.

మూడోది కింద రాసే తెలుగు. ఇంగ్లిష్ అలవాటుతో పుయెర్టా, సెంటాడో అని రాసుకొస్తున్నారు. స్పానిష్‌లో నాలుక పళ్లని తాకుతుంది, కాబట్టి త, ద. మనకి ఆ అక్షరాలు పుట్టుకతోనే ఉంటే ట, డ దాకా పోవడం ఎందుకు? మాట మొదట్లో వచ్చే ర, మధ్యలో జంటగా వచ్చే ర గట్టిగా అదిరిస్తారు, దానికి బండి ఱ పెట్టాం. ఎవరూ వాడక మూలపడ్డ అక్షరం ఇక్కడ చక్కగా సరిపోయింది, నాకు ఈ సెట్టులో బాగా నచ్చిన సంగతి ఇదే.

లెక్క: పేరు 16, స్థితి 10 + 8 + 1 = 19, ఎండింగులు 32, ఖర్చు 940 + 150 = 1,090.

దశ 4: తెలుగు నుంచి నేరుగా

ఈ దశలో కార్డుల కంటే చెప్పే పద్ధతి మీద ఎక్కువ పని జరిగింది. గట్టు మీద కాపలా మనిషి కుర్చీలో ఉన్నాడు. అతన్ని చూపించి అడిగితే వచ్చిన జవాబు సె ఎస్తా సెంతాందో. అంటే కూర్చుంటున్నాడు, ఇంకా కుర్చీలోకి ఒంగుతున్నాడు అని. కూర్చుని ఉన్నాడు అనడానికి ఎస్తా సెంతాదో. ముందు సె, మధ్యలో ఒక న్, అంతే తేడా.

"తెలుగులో ఏమంటావురా?"

"కూర్చునున్నాడు అంటానండి."

"మరి కూర్చుంటున్నాడు అనవేం?"

"ఆయ్, కూర్చోడం అయిపోయింది కదండీ!"

విషయం అంతా ఆ జవాబులోనే ఉంది. పని అయిపోయింది, దాని ఫలితం మిగిలి ఉంది, దాన్నే ఎస్తా సెంతాదో అంటారు. ఇంగ్లిష్‌లో మాత్రం కూర్చుని ఉన్నవాడికీ సిట్టింగే, అందుకే ఇంగ్లిష్ మీదుగా వెళ్లినవాళ్లు ఆందో, యెందోల్లో పడుతున్నారు. తెలుగు 'ఇ' మీద ముగిసే మాట పక్కన 'ఉంది' వస్తే స్పానిష్‌లో ఎస్తా పక్కన ఆదో, ఈదో అని పట్టుకుంటే చాలావరకు గురి కుదురుతుంది. పడుకునుంది, నిలబడుంది, ఆనుకునుంది, కట్టేసుంది, కప్పుంది, అన్నీ దొరికిపోతాయి.

'చాలావరకు' అన్నాను. రెండు చోట్ల ఈ దారి తెగుతుంది.

ఒకటి, మనం 'తూ' వాడే చోట వాళ్లు స్థితి మాట వాడతారు. వల కొక్కేనికి వేలాడుతోంది అంటాం, వాళ్లు లా ఱెద్ ఎస్తా కొల్గాదా అంటారు, అంటే తగిలించి ఉంది. నిద్రపోతున్నాడు అన్నదానికి ఎస్తా దొర్మీదో అనొచ్చు, దుర్మియెందో అని కూడా అనొచ్చు.

రెండు, మనం 'ఇ' వాడే చోట వాళ్లకి క్రియతో పని లేని విడి విశేషణం ఉంటుంది. చెరువు నిండి ఉంది: లా పిసీనా ఎస్తా యేనా. యెనాదా కాదు. తాడు ఎండి ఉంది: ఎస్తా సేకా, సెకాదా కాదు. ట్యాంకు కడిగి ఉంది: ఎస్తా లింపియో. తాడు విడిపోయి ఉంది: ఎస్తా స్వెల్తా. మామిడికాయ పండి ఉంది: ఎస్తా మదూరో. ఖాళీగా ఉంది: ఎస్తా బసీయో. ఈ 6 కార్డుల చుట్టూ ఎర్ర ఎనామిల్ అంచు వేశాం, మార్కరు కాకుండా డబ్బా పెయింటు అయితే ఎండకి నిలుస్తోంది. వీటికి వెనక క్రియ ఉన్నా (యెనార్, సెకార్, లింపియార్) స్థితికి పొట్టి మాటే వాడతారు. జాబితా చిన్నదే, కంఠతా పెట్టించేయడం మంచిది, సూత్రం వెతుక్కుంటూ కూర్చోవద్దు.

ఊరి తేడాలు కూడా ఇక్కడే తగిలాయి. పరాదో అంటే ఎక్వడార్‌లో మనిషి నిలబడి ఉన్నట్టు, స్పెయిన్‌లో పని లేకుండా ఉన్నట్టు. మోటారు విషయంలో మాత్రం రెండుచోట్లా ఆగి ఉన్నట్టే. లైటు వేసుంటే అక్కడ ప్రెందీదా, స్పెయిన్‌లో ఎన్‌సెందీదా. పాడైతే దన్యాదో, స్పెయిన్‌లో ఎస్త్రొపెయాదో. మా పని ఎక్వడార్ వీడియోలతో కాబట్టి అటు మాటలే ఉంచాం. ఎక్వడార్‌లో మేతని బలన్సెయాదో అంటారు, అది కూడా ఈ జాతి మాటే, సమతూకం చేసి ఉన్నది అని.

లెక్క: పేరు 16, స్థితి 19 + 6 = 25, ఎండింగులు 32, ఖర్చు 1,090 + 120 = 1,210.

దశ 5: కార్డు అబద్ధం చెప్పకుండా

వస్తువుకి కార్డు కట్టి వదిలేస్తే ఒక పూటలోనే అది తప్పవుతుంది. తూముకి అబియెర్తా అని వేలాడుతుంటుంది, తూమేమో ఎప్పుడో మూసేశారు. స్థితి మాట ఈ క్షణానికి సంబంధించినది, కార్డూ అలాగే ఉండాలి. అందుకని పద్ధతి ఇలా మార్చాం:

1. ముందు తెలుగులో చెప్పాలి: తూము తీసుంది.
2. పేరు కార్డు తీసి మూల, చిల్లులు తడమాలి.
3. ఒకటైతే ఎస్తా, ఎక్కువైతే ఎస్తాన్.
4. స్థితి కార్డు తీసి, అదే కోత ఉన్న ఎండింగు ముక్క తగిలించాలి.
5. పైకి గట్టిగా చెప్పి కొక్కేనికి వేలాడదీయాలి.
6. స్థితి ఎవరు మారిస్తే వాళ్లే కార్డు మార్చాలి. మేస్త్రీ అయినా సరే.

ఆరో నియమం పెట్టాకే మాటలు నోటికెక్కాయి. తూము తిప్పిన చేత్తోనే అబియెర్తా తీసి సెఱాదా తగిలించడం, ఆ ఊపులోనే పైకి అనడం. బల్ల ముందు కూర్చుని ఎంత వల్లె వేసినా ఇది రాలేదు.

ఒక జాగ్రత్త. కరెంటు స్టార్టర్ పెట్టెకి, జనరేటర్‌కి ఈ కార్డులు కట్టకండి. మా దగ్గర ఒకసారి అపగాదో అని ఉన్న ఏరేటర్ తిరుగుతోంది, కార్డు మార్చడం మర్చిపోయారు. నేర్చుకునే కార్డుని ఎవరైనా నిజమైన గుర్తు అనుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. ఇప్పుడు మోటారు కార్డులన్నీ షెడ్డు బయట, స్విచ్చుకి దూరంగా, విడి బోర్డు మీద ఉంటాయి.

దశ 6: మూశాను, మూసి ఉంది

వరదల్లో ధవళేశ్వరం వార్తలతో ఈ దశ మొదలుపెట్టాం. బ్యారేజీకి 175 గేట్లు. గేట్లు ఎత్తారు అంటే లెబంతారోన్ లాస్ కొంపువెర్తాస్, అది పని. మర్నాడు వెళ్లి చూస్తే గేట్లు ఎత్తే ఉన్నాయి: లాస్ కొంపువెర్తాస్ ఎస్తాన్ లెబంతాదాస్, ఇది స్థితి. డెల్టాలో పుట్టినవాడికి ఈ రెంటికీ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. లెబంతాదో కార్డు ఒకటి చేర్చాం.

చిక్కు అబేర్ అనే సహాయక క్రియతో వచ్చింది. తూము మూశాను అనడానికి ఎ సెఱాదో లా కొంపువెర్తా. అదే సెఱాదో, కానీ ఇక్కడ తూము స్త్రీలింగమైనా చివర ఓ కదలదు. మూల కోతకి అలవాటుపడ్డ వేళ్లు వెంటనే 'ఆ' ముక్క తగిలించేసి ఎ సెఱాదా అనేస్తున్నాయి. దీనికి వేరే కార్డులు 6 చేశాం, వాటి మీద చివరి ఓ పెయింటుతోనే రాసేశాం, ముక్క తగిలించే చిల్లే లేదు. తగిలించడానికి చోటు లేకపోయేసరికి ఆ తప్పు దాదాపు పోయింది.

కాపలా మనిషి చేత మూయబడింది అనే రకం (ఫువె సెఱాదా) కూడా ఉంది, దానికి లింగం మారుతుంది. కార్డులు చేయలేదు. మన నోట 'మూయబడింది' ఎంత అరుదో మామూలు మాటల్లో వాళ్ల నోటా అది అంత అరుదు. సెఱారోన్, మూసేశారు, అంటారు.

లెక్క: పేరు 16, స్థితి 26, ఎండింగులు 32, అబేర్ కార్డులు 6. మొత్తం 80 ముక్కలు, ఖర్చు 1,210. ఈ దశకి కొత్తగా ఖర్చు లేదు, ఉన్న పెయింటే సరిపోయింది.

ఇంకా మిగిలింది

తూము తీసి వదిలేశాడు: దెహో లా కొంపువెర్తా అబియెర్తా. తూము తీసే ఉండిపోయింది: కెదో అబియెర్తా. ఎస్తా బదులు ఇవి వచ్చినా చివరి అచ్చు వస్తువుతోనే మారుతుంది, కాబట్టి పాత ముక్కలే పనికొస్తాయి, ఎస్తా ఉన్న చోట పెట్టడానికి రెండు కొత్త కార్డులు చాలు. ఎండింగుల్లో 'ఆ' ముక్కలు త్వరగా అరిగిపోతున్నాయి, పేరు కార్డుల్లో స్త్రీలింగానివే ఎక్కువ మరి. మీరు చేసేటప్పుడు అవి 8 కాకుండా 12 కోసి పెట్టుకోండి.